ఆస్పత్రి బెడ్‌పైనా తగ్గని గ్లామర్.. 29 ఏళ్లకే కన్నుమూసిన క్యాండీ డార్లింగ్ కథ తెలుసా?

న్యూయార్క్‌లో ఓ ఆస్పత్రి గది. మంచం వెనకాల తెల్లటి చామంతులు. దుప్పటి మీద ఒకే ఒక్క గులాబీ. ఆ మంచం మీద పూర్తి మేకప్‌తో, పాతకాలం హాలీవుడ్ హీరోయిన్‌లా పడుకుని కెమెరా వైపు చూస్తోంది ఓ యువతి. 1973లో పీటర్ హుజార్ తీసిన ఈ బ్లాక్ అండ్ వైట్ ఫొటో ప్రపంచ ప్రసిద్ధం. అందులో ఉన్నది ట్రాన్స్‌జెండర్ నటి క్యాండీ డార్లింగ్. అప్పటికే ఆమె ఒంట్లో క్యాన్సర్ ముదిరిపోయింది.

టీవీ సినిమాలే బడి

క్యాండీ 1944 నవంబర్ 24న న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో పుట్టింది. పుట్టుకతో మగపిల్లాడే అయినా మనసు మాత్రం మొదట్నుంచీ ఆడపిల్లదే. తండ్రి తాగుబోతు, ఇంట్లో గొడవలు. తల్లిదండ్రులు విడిపోయాక తల్లితో లాంగ్ ఐలాండ్‌లో పెరిగింది. స్కూల్లో ఏడిపించేవాళ్లు. దాంతో టీవీలో వచ్చే పాత హాలీవుడ్ సినిమాలే ఆమె లోకం అయిపోయాయి. కిమ్ నోవాక్ అంటే పిచ్చి అభిమానం. ఆ నడక, ఆ మాట, ఆ చూపు.. అన్నీ చూసి చూసి ఒంటపట్టించుకుంది.

ఆడవేషంలో తిరుగుతోందన్న మాట ఓ రోజు తల్లి చెవిన పడింది. నిలదీసింది. క్యాండీ ఏమీ వాదించలేదు. లోపలికి వెళ్లి, ముస్తాబై బయటికొచ్చి ఎదురుగా నిలబడింది. ఇక ఆపడం తన వల్ల కాదని ఆ తల్లికి అర్థమైపోయింది. కానీ ఇరుగుపొరుగు నోళ్లు మూయించలేరు కదా. అందుకే స్టేషన్‌కు నడిచి వెళ్లకుండా ట్యాక్సీలో వెళ్లి, అక్కడ రైలెక్కి మాన్‌హట్టన్ చేరేది.

వార్హోల్ కంట్లో పడి..

ఆ రోజుల్లో న్యూయార్క్‌లో ఆడవేషం వేసుకుని రోడ్డెక్కితే పోలీసులు పట్టుకెళ్లేవాళ్లు. మారువేషాలపై 1845లో తెచ్చిన చట్టాన్ని అందుకు వాడుకునేవారు. ఇలాంటి వాళ్లకు కాస్త చోటిచ్చింది గ్రీన్‌విచ్ విలేజ్ చుట్టుపక్కల చిన్న చిన్న థియేటర్లే. 1967లో జాకీ కర్టిస్ రాసిన నాటకంలో క్యాండీ నటించింది. రాబర్ట్ డి నీరో తొలినాళ్లలో వేసిన నాటకాల్లో ఇదీ ఒకటి.

ప్రముఖ ఆర్టిస్ట్ ఆండీ వార్హోల్ దృష్టిలో పడటంతో ఆమె దశ తిరిగింది. 1968లో 'ఫ్లెష్'లో చిన్న పాత్ర, 1971లో 'విమెన్ ఇన్ రివోల్ట్'లో ప్రధాన పాత్ర. పేపర్లలో ఫొటోలు, పెద్దింటి పార్టీలకు పిలుపులు. పేరైతే వచ్చింది గానీ చేతిలో పైసా లేదు. సొంత గది కూడా లేక స్నేహితుల ఇళ్లలో తలదాచుకునేది.

చీపుర్ల గదిలో డ్రెస్సింగ్ రూమ్

ఆమె అసలు కల హాలీవుడ్. 'మైరా బ్రెకిన్‌రిడ్జ్' సినిమాలో ట్రాన్స్‌జెండర్ పాత్ర కోసం గట్టిగా ప్రయత్నించింది. ఆ చాన్స్ రాక్వెల్ వెల్చ్‌కు వెళ్లిపోయింది. ట్రాన్స్ పాత్రకు కూడా ట్రాన్స్ నటిని తీసుకోలేదన్న మాట! ఆ దెబ్బ నుంచి ఆమె తేలిగ్గా తేరుకోలేకపోయింది.

1972లో నాటక రచయిత టెనెస్సీ విలియమ్స్ తన 'స్మాల్ క్రాఫ్ట్ వార్నింగ్స్'లో మంచి వేషం ఇచ్చారు. కానీ స్టేజి వెనక సంగతి వేరు. ఆడవాళ్లు తమ డ్రెస్సింగ్ రూమ్‌లోకి రానివ్వలేదు, మగవాళ్లూ రానివ్వలేదు. చివరికి చీపుర్లు పెట్టుకునే గది ఇచ్చారు. క్యాండీ గొడవ పడలేదు. ఆ తలుపు మీద ఓ నక్షత్రం అంటించుకుంది. స్టార్ల గదులకు ఉండేది అదే గుర్తు మరి.

చివరికి దక్కిన గౌరవం

1974 మార్చి 21న లింఫోమా క్యాన్సర్‌తో క్యాండీ కన్నుమూసింది. వయసు 29 ఏళ్లే. మాన్‌హట్టన్‌లో జరిగిన అంత్యక్రియలకు జనం పోటెత్తారు. నటి జూలీ న్యూమార్ నివాళి చదివారు. నిన్నటితరం హాలీవుడ్ తార గ్లోరియా స్వాన్సన్ శవపేటికకు సెల్యూట్ చేశారు. వార్హోల్ మాత్రం రాలేదు.

లూ రీడ్ పాటల్లో, హుజార్ ఫొటోలో, 2010లో వచ్చిన డాక్యుమెంటరీలో ఆమె ఇంకా బతికే ఉంది. అన్నింటికన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. ఆ రోజు అంత్యక్రియల్లో పాస్టర్ గానీ, మాట్లాడిన వాళ్లు గానీ ఆమె పాత పేరును ఒక్కసారి కూడా పలకలేదు. అందరూ సాగనంపింది క్యాండీ డార్లింగ్‌నే.