కృప వెంబడించిన నావికుడు – జాన్ న్యూటన్

రక్షణ దేవుని ఉచిత వరమని మనమందరము ఒప్పుకొందుము. అయితే ఆ వరము పొందినవాని జీవితములో మిగిలియున్న పాపము మాటేమి? ఈ ప్రశ్నకు జాన్ న్యూటన్ జీవితము మనకు కొంత వెలుగునిచ్చును.

ఆయన 1725లో లండను నగరమున జన్మించెను. తండ్రి ఓడ కెప్టెను. వాక్యము నేర్పిన తల్లి, బిడ్డకు ఏడేండ్లు నిండకముందే కన్నుమూసెను. పదునొకండవ యేట ఆయన తండ్రితో సముద్రయానము మొదలుపెట్టెను. యౌవనములో దేవదూషకుడాయెను. నౌకాదళములో బలవంతముగా చేర్చబడి, పారిపోయి, పట్టుబడి కొరడా దెబ్బలు తినెను. పశ్చిమాఫ్రికాలో ఒక బానిస వర్తకునియొద్ద తానే బానిసవలె ఆకలితో అలమటించెను.

1748 మార్చిలో స్వదేశమునకు తిరిగివచ్చుచుండగా అట్లాంటిక్ సముద్రములో పెనుతుపాను ఓడను చీల్చెను. నీరు తోడి తోడి అలసి, చుక్కాని పట్టుకొని, తాను విడిచిన దేవుని కనికరమును వేడుకొనెను. ఓడ ఐర్లండు తీరము చేరెను. ఆ దినమును ఆయన బ్రతికినంత కాలము ఆచరించెను.

ఇచ్చట ఒక సంగతి మనము దాచరాదు. ఆ తరువాతనే, 1750 నుండి 1754 వరకు, ఆయన బానిసల ఓడలకు కెప్టెనుగా ఉండెను. ఓడ పైభాగమున ఆరాధన, అడుగున సంకెళ్లలో మనుష్యులు! ఆ పని మానుటకు ముఖ్య కారణము కూడ అనారోగ్యమే.

1764లో ఆయన అభిషేకము పొంది ఓల్నీ గ్రామ సంఘములో గురువాయెను. లోకమంతయు పాడు ‘అమేజింగ్ గ్రేస్’ కీర్తన అక్కడనే వ్రాసెను. 1780లో లండనుకు వచ్చెను. 1788లో, తుపాను గడచిన 40 ఏండ్లకు, తన పూర్వపు వృత్తిని సిగ్గుతో ఒప్పుకొనుచు బానిస వ్యాపారమునకు విరోధముగా చిన్న పుస్తకము ప్రకటించెను. ఆయన సలహా పొందిన విల్బర్‌ఫోర్స్ పార్లమెంటులో పోరాడెను. 1807లో ఆ వ్యాపారము చట్టముచే నిషేధింపబడెను. అదే సంవత్సరము డిసెంబరులో న్యూటన్ ప్రభువునందు నిద్రించెను.

కృప ఆయన యోగ్యతను చూచి రాలేదు. ఆయన ఆలస్యమును చూచి విడిచిపోలేదు. సత్క్రియలు రక్షణకు వెల కావు, దాని ఫలములే. కాని ఫలమియ్యని విశ్వాసముతో తృప్తిపడుట కృపను చులకన చేయుటయే. ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్రలో పాలుపొంది, ఇంటికి వెళ్లి పెండ్లి సంబంధములలో కులము వెదకు మనము న్యూటనును తీర్పు తీర్చగలమా? మన ఓడ అడుగున ఎవరున్నారో ఈ శతవార్షికోత్సవ వేళ వెదకి చూచుకొందము. అందుకు కావలసిన వెలుగును ఆ కృపయే మనకు దయచేయునుగాక.