ప్రభుత్వానికే హద్దు చెప్పిన ప్లీడరు ఎడ్మండ్ రాండాల్ఫ్

పొలం కౌలుకిచ్చే పని చూడమని ఒకరికి ముక్త్యారునామా, అంటే పవరాఫ్ అటార్నీ, రాసిచ్చామనుకుందాం. ఆ కాగితం చేతబట్టుకుని ఆయన పొలాన్నే అమ్మేస్తే ఎవరూ ఒప్పుకోరు. కాగితంలో ఎంత రాసి వుంటే అంతే అధికారం. మరి ప్రభుత్వానికి కూడా ఇదే లెక్క వర్తిస్తుందా? 1791 ఫిబ్రవరిలో అమెరికా తొలి ప్రెసిడెంటు జార్జి వాషింగ్టన్‌కు ఈ సందేహం వచ్చింది. వర్తిస్తుందని కాగితం మీద రాసి ఇచ్చిన ప్లీడరు ఎడ్మండ్ రాండాల్ఫ్. ఆయన ఆ దేశానికి మొట్టమొదటి అటార్నీ జనరల్.

ప్లీడర్ల కుటుంబం

రాండాల్ఫ్ 1753 ఆగస్టు 10న వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్ పట్టణంలో పుట్టారు. అప్పటికి అమెరికా ఇంగ్లాండు రాజు ఏలుబడిలో వుంది. తండ్రి జాన్, పెదతండ్రి పేటన్ ఇద్దరూ రాజుగారి తరఫున వర్జీనియాలో అటార్నీ జనరల్‌గా పనిచేసినవారే.

1775లో స్వాతంత్ర్య పోరాటం మొదలయ్యేసరికి ఆ ఇల్లు రెండుగా చీలింది. తండ్రి రాజుకు విధేయుడై ఇంగ్లాండు వెళ్ళిపోయారు. పెదతండ్రి పోరాటపక్షాన నిలిచి, అమెరికన్ల మహాసభకు తొలి అధ్యక్షుడయ్యారు. కొడుకు తండ్రి వెంట వెళ్ళలేదు. వాషింగ్టన్ సైన్యంలో చేరి కొంతకాలం ఆయన దగ్గర సహాయాధికారిగా వున్నారు. 1776లో, ఇంకా పాతికేళ్ళు నిండకుండానే, వర్జీనియాకు అటార్నీ జనరల్ అయ్యారు. ఆ ఏడే ఎలిజబెత్ నికొలస్‌ను పెళ్ళి చేసుకున్నారు.

1786లో ఆయన వర్జీనియా గవర్నరయ్యారు. అప్పుడు తన కోర్టు కేసులను జాన్ మార్షల్ అనే యువ ప్లీడరుకు అప్పగించారు. ఈ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. కథ చివర మళ్ళీ వస్తుంది.

రాజ్యాంగం రాసిన చేయి

1787లో రాజ్యాంగం తయారు చేయడానికి ఫిలడెల్ఫియాలో పెద్దలు సమావేశమయ్యారు. మే 29న వర్జీనియా తరఫున తొలి ప్రణాళికను సభ ముందు పెట్టినది రాండాల్ఫే. తర్వాత చిత్తుప్రతి రాయడానికి అయిదుగురితో ఒక కమిటీ వేస్తే అందులోనూ వున్నారు. కేంద్రం చేయదగిన పనులు ఇవీ అని వరుసగా జాబితా వేసింది ఆ కమిటీయే. పన్నులు వేయడం, అప్పు తేవడం, రాష్ట్రాల మధ్య వ్యాపారాన్ని క్రమబద్ధం చేయడం, నాణేలు ముద్రించడం, సైన్యాన్ని పోషించడం వంటివి అందులో వున్నాయి. జాబితాలో లేనివి రాష్ట్రాలకూ ప్రజలకూ మిగిలినట్టేనని చాలామంది అభిప్రాయం.

అయితే సెప్టెంబరు 17న సంతకాలు పెట్టేనాడు రాండాల్ఫ్ పెట్టలేదు. సభలో వున్నవారిలో అలా నిరాకరించినవారు ముగ్గురే. కొన్ని అధికారాలకు హద్దు స్పష్టంగా లేదని, సవరించేందుకు మరో సభ పిలవాలని ఆయన కోరిక. కానీ 1788 జూన్‌లో వర్జీనియా సభలో చర్చకు వచ్చేసరికి పరిస్థితి మారింది. అప్పటికే ఎనిమిది రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. ఇప్పుడు కాదంటే ఐక్యతే చెడుతుందని భావించి, ఆయన అనుకూలంగా మాట్లాడారు. 79కి 89 ఓట్లతో రాజ్యాంగం గట్టెక్కింది. మాట మార్చాడన్న నింద మాత్రం ఆయనను జీవితాంతం వెంటాడింది.

గుమాస్తా లేని ఉద్యోగం

1789 సెప్టెంబరులో వచ్చిన కోర్టుల చట్టం అటార్నీ జనరల్ పదవిని సృష్టించింది. పనులు రెండు. సుప్రీంకోర్టులో కేంద్రం కేసులు వాదించాలి. ప్రెసిడెంటుకూ శాఖాధిపతులకూ న్యాయ విషయాల్లో సలహా చెప్పాలి. జీతం ఏడాదికి 1,500 డాలర్లు. ఆర్థికమంత్రికి 3,500 డాలర్లు. అటార్నీ జనరల్‌కు ఆఫీసు గది లేదు, గుమాస్తా లేడు. ఇల్లు గడవడానికి సొంత కేసులు కూడా చూసుకోవలసి వచ్చేది.

ఆ పదవిలో వుండగానే బ్యాంకు తగాదా వచ్చింది. ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ కోటి డాలర్ల మూలధనంతో జాతీయ బ్యాంకు పెట్టాలని తలపెట్టారు. అందులో అయిదోవంతు ప్రభుత్వ వాటా. కాంగ్రెసు ఉభయసభలూ బిల్లును ఆమోదించాయి. వాషింగ్టన్ సంతకం పెట్టే ముందు సలహా అడిగారు.

ఫిబ్రవరి 12న రాండాల్ఫ్ తన అభిప్రాయం ఇచ్చారు. దాని సారాంశం ఇది. కేంద్రానికి లెక్కపెట్టి ఇచ్చిన అధికారాలే వున్నాయి. బ్యాంకు పెట్టే అధికారం పన్నుల్లో గాని, అప్పులో గాని, వ్యాపారంలో గాని కనబడదు. పీఠికలోని మంచి మాటలు ఉద్దేశాన్ని చెబుతాయే తప్ప అధికారం ఇవ్వవు. అవసరమైన చట్టాలు చేయవచ్చునన్న వాక్యాన్ని ఇష్టమొచ్చినంత సాగదీస్తే, ఇక జాబితా వేసి ప్రయోజనమే లేదు. విదేశాంగమంత్రి థామస్ జెఫర్సన్ కూడా మూడు రోజుల తర్వాత బ్యాంకు చెల్లదనే రాశారు.

ఆ రెండు కాగితాలనూ వాషింగ్టన్ హామిల్టన్‌కు పంపారు. ఆయన 23న సుదీర్ఘమైన జవాబు ఇచ్చారు. పని అప్పగించాక దానికి తగిన సాధనం కూడా అప్పగించినట్టేనన్నది ఆయన వాదం. 25న వాషింగ్టన్ బిల్లుపై సంతకం చేశారు. తొలి అటార్నీ జనరల్ సలహా నెగ్గలేదు. అయినా రాండాల్ఫ్ అలిగి రాజీనామా చేయలేదు. సలహా చెప్పడం తన వంతు, నిర్ణయం ప్రెసిడెంటు వంతు అన్నట్టు పనిలో కొనసాగారు.

ఇంట్లోనే ఎదురైన చట్టం

రాతలో వున్నదే చట్టం అన్న ఆయనకు అదే ఏడాది వసంతంలో సొంత ఇంట్లోనే పరీక్ష ఎదురైంది. ఆనాటి వర్జీనియా ఆసాముల్లాగే ఆయనకూ బానిసలు వుండేవారు. బయటి నుంచి వచ్చి స్థిరపడినవారి బానిసలు ఆరు నెలలు అక్కడ వుంటే స్వేచ్ఛ పొందవచ్చునని పెన్సిల్వేనియా చట్టం. కాంగ్రెసు సభ్యులకు మినహాయింపు వుంది గాని మంత్రివర్గంలోని వారికి లేదు. ఫిలడెల్ఫియాలో ఆయన ఇంటి బానిసలు ముగ్గురు ఆ చట్టం ప్రకారం తమకు స్వేచ్ఛ కావాలని చెప్పారు. ఈ సంగతిని రాండాల్ఫే వాషింగ్టన్ ఇంటికి వెళ్ళి హెచ్చరికగా తెలిపారు. హక్కుల గురించి రాసిన పెద్దలకూ, ఆ హక్కులు దక్కని మనుషులకూ మధ్య ఎంత దూరం వుండేదో దీన్నిబట్టి తెలుస్తుంది.

రాష్ట్రాలు కూడా చట్టానికి అతీతం కావని రాండాల్ఫ్ వాదించారు. యుద్ధకాలంలో జార్జియా రాష్ట్రానికి సరుకులు అమ్మిన ఒక వర్తకుడికి బాకీ అందలేదు. అతడు చనిపోయాక ఆస్తి చూసేవారి తరఫున రాండాల్ఫ్ సుప్రీంకోర్టులో వాదించి 1793లో గెలిచారు. ఆ తీర్పుపై రాష్ట్రాలు మండిపడి, 1795 నాటికి రాజ్యాంగాన్నే సవరింపజేశాయి.

పతనం, చివరి రోజులు

1794లో ఆయన విదేశాంగమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది ఫ్రెంచి రాయబారి రాసిన ఉత్తరం ఒకటి సముద్రం మీద ఇంగ్లీషువారికి చిక్కింది. రాండాల్ఫ్ డబ్బు ఆశించినట్టు అందులో అర్థం వచ్చే మాటలున్నాయి. 1795 ఆగస్టు 19న వాషింగ్టన్ దాన్ని ఇతర మంత్రుల ఎదుటే ఆయన చేతికిచ్చారు. అవమానం భరించలేక అదే రోజు రాజీనామా చేశారు. లంచం అడగలేదని ఫ్రెంచి రాయబారి తర్వాత రాసిచ్చారు. నేరం ఎన్నడూ రుజువు కాలేదు. పరువు మాత్రం తిరిగి రాలేదు. దానికి తోడు, శాఖ ఖర్చులకు లెక్క తేలలేదని 49 వేల డాలర్లకు పైగా ఆయన నెత్తిన పడింది.

తిరిగి ప్లీడరీలోకి వచ్చి, 1807లో మాజీ ఉపాధ్యక్షుడు ఆరన్ బర్‌పై నడిచిన రాజద్రోహం కేసులో ముద్దాయి పక్షాన వాదించారు. బర్ నిర్దోషిగా బయటపడ్డారు. 1810లో భార్య పోయాక రాండాల్ఫ్ కుంగిపోయారు. 1813 సెప్టెంబరు 12న, అరవయ్యో ఏట, వర్జీనియాలో ఒక మిత్రుడి ఇంట కన్నుమూశారు.

1819లో మరో జాతీయ బ్యాంకు విషయం సుప్రీంకోర్టుకు వచ్చింది. బ్యాంకు చెల్లుతుందని తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షలే. ఒకనాడు రాండాల్ఫ్ తన కేసులు అప్పగించిన ఆ యువ ప్లీడరే ఆయన వాదాన్ని చివరికి తోసిపుచ్చారు.

ఆ వాదం ఓడింది గాని ఆ ప్రశ్న చావలేదు. మన దేశంలో 1950 నుంచి అమలులో వున్న రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలు వేసింది. అమెరికాకు భిన్నంగా, ఏ జాబితాలోనూ లేని మిగులు అధికారాలను కేంద్రానికే ఇచ్చింది. భూమి, వ్యవసాయం, పోలీసు రాష్ట్ర జాబితాలో వున్నాయి. కేంద్రానికి సలహా చెప్పేందుకు అటార్నీ జనరల్, రాష్ట్రానికి అడ్వొకేట్ జనరల్ వున్నారు. ఢిల్లీకీ రాష్ట్రానికీ పేచీ వచ్చినప్పుడల్లా ముందు అడిగేది, ఈ అధికారం ఎక్కడ రాసి వుందనే. తనను నియమించిన ప్రభుత్వానికే, నచ్చదని తెలిసీ, ఆ ప్రశ్నకు నిజమని తోచిన జవాబు రాసిచ్చిన తొలి తరం ప్లీడరుగా రాండాల్ఫ్ గుర్తుండదగినవారు.