మహబూబ్ కాలేజీ నుంచి చికాగో దాకా: స్వామీజీ పడిన పాట్లు

పోయిన వారం వీడియోలో స్వామి వివేకానంద అమెరికా ప్రయాణం గురించి చెప్పాను కదా, టైమ్ సరిపోక సగం సంగతులు అలాగే ఉండిపోయాయి. చికాగో స్పీచ్ అందరికీ తెలిసిందే. దానికి ముందు ఏం జరిగింది, ఆ తర్వాత ఆ మూడేళ్ళు ఆయన అక్కడ ఎలా నెట్టుకొచ్చారు అని చూసినవాళ్ళలో చాలామంది అడిగారు. అదే ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది మేడ్చల్‌లో. మా వైపు గానీ, అటు శామీర్‌పేట వైపు గానీ ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా అమెరికాకో కెనడాకో ప్రయాణమయ్యే పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటారు. వీసా, బ్యాంక్ లోన్, చలికోటు ఎక్కడ కొనాలి... లిఫ్ట్‌లో వినపడేవన్నీ ఇవే కబుర్లు. అందుకేనేమో, స్వామీజీ జీవితం చదివిన ప్రతిసారీ నాకు చికాగో స్టేజీ కంటే, ఓడ దిగినప్పటి నుంచి ఆ స్టేజీ ఎక్కేదాకా గడిచిన ఏడు వారాలే ఎక్కువ గుర్తుంటాయి.

కథ మాత్రం మన ఊరి నుంచే మొదలుపెట్టాలి. శామీర్‌పేట నుంచి అల్వాల్, తిరుమలగిరి దాటుకుని సికింద్రాబాద్‌లోకి వస్తే ప్యాట్నీ దగ్గర మహబూబ్ కాలేజీ కనిపిస్తుంది. 1862లో సోమసుందరం ముదలియార్ పెట్టిన బడి అది. మనలో చాలామంది దాని ముందు నుంచి వందసార్లు వెళ్ళి ఉంటాం. 1893 ఫిబ్రవరి 13న, ముప్పై ఏళ్ళ వయసున్న ఒక బెంగాలీ సన్యాసి అక్కడ నిలబడి, తాను పడమటి దేశాలకు ఎందుకు వెళ్ళాలనుకుంటున్నాడో ఇంగ్లీషులో చెప్పాడు. దాదాపు వెయ్యిమంది వచ్చారు, వాళ్ళలో యూరోపియన్లు కూడా చాలామందే ఉన్నారు. అంత పెద్ద సభలో ఆయన మాట్లాడటం అదే మొదటిసారి అంటారు. చికాగోకి రిహార్సల్ మన సికింద్రాబాద్‌లోనే జరిగిందన్నమాట!

అప్పటి ఆయన పరిస్థితి చూడండి. కన్యాకుమారిలో సముద్రం మధ్య రాతి మీద ధ్యానం చేసి రెండు నెలలైనా కాలేదు. మద్రాసులో అళసింగ పెరుమాళ్ అనే స్కూల్ టీచరు, ఆయన స్నేహితులు కలిసి అమెరికా ఖర్చుల కోసం కొంత డబ్బు పోగుచేశారు. స్వామీజీ దాన్ని బీదలకు పంచేయమన్నారు. ఇది అమ్మవారి ఇచ్ఛా, నా సొంత కోరికా అన్నది ఆయనకు ఇంకా తేలలేదు. ఆ సందేహంతోనే ఫిబ్రవరి 10న హైదరాబాద్ వచ్చి దిగారు. స్టేషన్‌కి సుమారు 500 మంది వచ్చారు. నిజాం దగ్గర సూపరింటెండింగ్ ఇంజనీరుగా పనిచేసే మధుసూదన్ ఛటర్జీ గారింట్లో బస.

ఆ వారం రోజుల్లో ఆయన గోల్కొండ చూశారు, చార్మినార్, మక్కా మసీదు చూశారు. నిజాం బంధువు నవాబ్ ఖుర్షీద్ జా గారితో రెండు గంటలకు పైగా మతం గురించి మాట్లాడారు. నవాబు అక్కడికక్కడే వెయ్యి రూపాయలు ఇస్తానన్నారు. టైమ్ ఇంకా రాలేదని స్వామీజీ తీసుకోలేదు. మర్నాటి ఉపన్యాసం అయ్యాక బేగంబజార్ సేఠ్‌లు వచ్చి దారి ఖర్చులు మేం చూసుకుంటామని మాటిచ్చారు. బయటి నుంచి చూస్తే అంతా బ్రహ్మాండంగా ఉంది కదా? కానీ ఆ రోజుల్లోనే హైదరాబాద్ నుంచి అళసింగకు రాసిన ఉత్తరం చదివితే గుండె బరువెక్కుతుంది. అనుకున్నవన్నీ తలకిందులయ్యాయనీ, ఇక అమెరికా మాట వదిలేసుకోవాల్సిందే అన్నట్టూ ఉంటుంది ఆ ఉత్తరం. దండలు వేసుకుని సభలో కూర్చున్న మనిషి లోపల అంత నిరాశ ఉందని ఆ వెయ్యిమందిలో ఎంతమందికి తెలిసి ఉంటుంది?

ఇంకో సరదా సంగతి. హైదరాబాద్‌లోనే ఆయన ఒక వింత బ్రాహ్మణుణ్ణి కలిశారు. ఆయనకు జ్వరం. తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదిస్తే తన విద్య చూపిస్తానన్నాడు. తర్వాత గోచీ ఒక్కటే కట్టుకుని, స్వామీజీ ఇచ్చిన దుప్పటి కప్పుకుని కూర్చుని, అందరూ చూస్తుండగా ద్రాక్ష గుత్తులు, కమలాలు, చివరికి మంచు తడి ఆరని గులాబీలు తీశాడట. ఎలా చేశావని అడిగితే అంతా హస్తలాఘవమే అన్నాడు. స్వామీజీ ఈ కథను 1900 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో అమెరికన్లకు చెప్పారు. మన ఊరి ముచ్చట అంత దూరం వెళ్ళింది.

ఫిబ్రవరి 17న ఆయన మద్రాసుకు తిరిగి వెళ్ళిపోయారు. శ్రీరామకృష్ణులు సముద్రం మీద నడిచి వెళుతూ తనను రమ్మని సైగ చేసినట్టు కల వచ్చింది. శారదామాతకు ఉత్తరం రాస్తే ఆమె దీవించారు. అప్పటికి మనసు కుదుటపడింది. అళసింగ మళ్ళీ ఇంటింటికీ తిరిగాడు. రాజుల సొమ్ము కంటే మామూలు జనం ఇచ్చేదే కావాలని స్వామీజీ పట్టుబట్టారు. చివరికి ఖేత్రీ మహారాజు అజిత్ సింగ్ పట్టుబట్టలు, తలపాగా ఇచ్చి, టికెట్టును ఫస్ట్ క్లాసుకు మార్పించాడు. 1893 మే 31న బొంబాయిలో ఓడ ఎక్కారు. కొలంబో, సింగపూర్, హాంకాంగ్, జపాన్ మీదుగా జూలై 25కి వాంకూవర్, అక్కడి నుంచి రైల్లో చికాగో.

అసలు కష్టం అక్కడ మొదలైంది. సభ సెప్టెంబర్‌లో అని తెలిసింది. ఏదైనా సంస్థ ఇచ్చిన పరిచయపత్రం ఉంటేనే ప్రతినిధిగా తీసుకుంటారట, అది కూడా గడువు దాటిపోయింది. పంపినవాళ్ళలో ఒక్కరికైనా ఈ విషయం కనుక్కోవాలని తట్టలేదు! మనవాళ్ళ భక్తి అలాంటిది, స్వామి వెళ్తే చాలు తలుపులు అవే తెరుచుకుంటాయి అనుకున్నారు. చేతిలో ఉన్నది మద్రాసువాళ్ళు ఇచ్చిన 170 పౌండ్ల నోట్లు, 9 పౌండ్ల చిల్లర. ఎంత పొదుపు చేసినా రోజుకు ఒక పౌను ఖర్చు. ఆగస్టు 20 నాటికే 130కి వచ్చేసింది. చలికి తగ్గ బట్టలు లేవు. కాషాయ బట్టలు, తలపాగా చూసి వీధిలో జనం గుమిగూడేవారు.

ఖర్చు తక్కువని బోస్టన్ వైపు వెళ్ళారు. రైల్లో పరిచయమైన కేట్ శాన్‌బోర్న్ అనే రచయిత్రి తన ఫామ్‌హౌస్‌కి తీసుకెళ్ళింది. ఆయనకు రోజుకు ఒక పౌను మిగిలింది, ఆమెకేమో స్నేహితులకు చూపించడానికి ఇండియా నుంచి వచ్చిన ఒక వింత మనిషి దొరికాడు. ఈ మాట నేనన్నది కాదండోయ్, స్వామీజీ తనమీద తనే వేసుకున్న జోకు. ఆమె ద్వారానే హార్వర్డ్‌లో గ్రీకు చెప్పే ప్రొఫెసర్ జాన్ హెన్రీ రైట్ పరిచయమయ్యారు. ఆయన సభ పెద్దలకు ఉత్తరం రాసి, చికాగోకి టికెట్ కూడా కొనిచ్చారు.

ఇక గట్టెక్కినట్టే అనుకుంటాం. చికాగోలో రాత్రిపూట రైలు దిగాక చూసుకుంటే వెళ్ళాల్సిన చోటి అడ్రసు పోయింది. ఆ రాత్రి గూడ్స్ యార్డులో ఖాళీ పెట్టెలో పడుకున్నారు. తెల్లారాక సన్యాసి ధర్మం ప్రకారం ఇల్లిల్లూ తిరిగి అడిగితే, పనివాళ్ళు కసిరి మొహం మీదే తలుపులు వేశారు. నడిచి నడిచి ఓపిక అయిపోయి రోడ్డు పక్కన కూర్చుండిపోయారు. ఎదురింటి తలుపు తీసుకుని మిసెస్ జార్జ్ హేల్ అనే ఆవిడ వచ్చి, సర్వమత సభకు వచ్చారా అని అడిగింది. లోపలికి తీసుకెళ్ళి, అన్నం పెట్టి, తనే వెంటబెట్టుకుని సభ ఆఫీసుకు తీసుకెళ్ళింది. స్వామీజీ ఆమెను జీవితాంతం తల్లిగానే చూసుకున్నారు. గురుకృప అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ ఘట్టమే.

సెప్టెంబర్ 11 మీకు తెలిసిందే. ఒకటి మాత్రం చెప్తాను. పిలిచినప్పుడల్లా తర్వాత మాట్లాడతానంటూ ఆయన వాయిదా వేస్తూ వచ్చారు, భయంతో. మిగతావాళ్ళంతా స్పీచ్ రాసుకుని వచ్చారు, ఈయన చేతిలో కాగితం ముక్క లేదు. సాయంత్రం పూట చివరికి సరస్వతీదేవికి మొక్కుకుని లేచారు. ఆ తర్వాత 20వ తారీఖున క్రైస్తవ సోదరులను నేరుగానే అడిగారు, ఆకలితో చచ్చిపోయేవాళ్ళకు కావాల్సింది చర్చీలా, రొట్టెలా అని. సభ జరుగుతున్న రోజుల్లోనే, గొప్పింటివాళ్ళ మెత్తటి పరుపు మీద నిద్రపట్టక, దేశంలో పేదవాళ్ళు గుర్తొచ్చి, నేల మీద దొర్లి ఏడ్చిన రాత్రి కూడా ఉంది.

పేరు వచ్చాక కష్టాలు తగ్గాయా? రకం మారింది, అంతే. ఉపన్యాసాలు ఏర్పాటు చేసే ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుని ఊరూరా తిరిగారు. మిన్నియాపోలిస్, మెంఫిస్, డెట్రాయిట్... చలికాలంలో రైలు మీద రైలు. ఒకసారి 2,500 డాలర్లు వసూలైతే ఆయన చేతికి వచ్చింది 200. మోసం అర్థమయ్యాక నష్టపోయి మరీ ఆ ఒప్పందం తెంచుకున్నారు.

దానికంటే పెద్ద దెబ్బ పుకార్లు. ఇండియాలో మిషనరీలకు వచ్చే చందాలు తగ్గుతాయన్న కోపంతో కొందరు, అసూయతో మనవాళ్ళే కొందరు, ఈయన ఎవరి ప్రతినిధీ కాదనీ, నడవడిక మంచిది కాదనీ ప్రచారం చేశారు. ఆ మాటలు కలకత్తాలో ఉన్న తన తల్లి చెవిన పడితే ఆమె ఏమైపోతుందోనని ఆయన నలిగిపోయారు. అడిగింది ఒక్కటే: దేశంలో ఒక సభ పెట్టి, ఈయన మా మనిషే అని తీర్మానం చేసి అమెరికా పంపించండి అని. ఉత్తరం తర్వాత ఉత్తరం రాశారు. మద్రాసులో 1894 ఏప్రిల్‌లో సభ జరిగింది, ఆ కాగితాలు అమెరికా చేరడానికి ఇంకా నెలలు పట్టింది. కలకత్తా టౌన్‌హాలులో సభ జరిగేసరికి సెప్టెంబర్ 5. అంటే చికాగో సభ అయ్యి ఏడాది కావస్తోంది! ఇవాళ మనం ఆయన ఫొటోని వాట్సాప్ డీపీగా పెట్టుకుంటాం. ఆ ఏడాది మాత్రం ఆయన పోస్టు కోసం ఒంటరిగానే ఎదురుచూశారు.

మొన్న మార్మన్ చర్చి మిషనరీల గురించి చదువుతుంటే ఇదే గుర్తొచ్చింది. వాళ్ళ అబ్బాయిలు రెండేళ్ళు, అమ్మాయిలు ఏడాదిన్నర ఇల్లు వదిలి, తెలియని ఊళ్ళలో తలుపులు తడతారు. ముఖం మీద తలుపు వేయించుకోవడం వాళ్ళకూ రోజూ ఉండేదే. వాళ్ళ మతబోధతో మనకు పేచీ ఉండొచ్చు, ఆ కష్టాన్ని మాత్రం తక్కువ చేయలేం. అయితే వాళ్ళకు పక్కన ఒక జోడీ తప్పనిసరిగా ఉంటారు, వెనక చర్చి ఉంటుంది. స్వామీజీకి రెండూ లేవు. పైగా ఆయన ఎవరినీ మతం మారమని అడగలేదు. క్రైస్తవుడు ఇంకా మంచి క్రైస్తవుడు కావాలన్నదే ఆయన బోధ.

1895లో న్యూయార్క్‌లో 33వ వీధిలో చవక గదులు తీసుకుని, డబ్బు తీసుకోకుండా వేదాంతం క్లాసులు మొదలుపెట్టారు. కుర్చీలు చాలక జనం నేల మీద, మెట్ల మీద కూర్చునేవారు. గది అద్దె కోసం ఇండియా గురించి వేరే ఉపన్యాసాలు ఇచ్చేవారు. ఆ వేసవిలో సెయింట్ లారెన్స్ నదిలోని థౌజండ్ ఐలాండ్ పార్క్‌లో పన్నెండు మంది శిష్యులతో ఏడు వారాలు గడిపారు. ఆయన అక్కడ అత్యంత ప్రశాంతంగా ఉన్న రోజులు అవేనని నా అభిప్రాయం. ఆ తర్వాత లండన్, అక్కడే మార్గరెట్ నోబుల్, అంటే మన సిస్టర్ నివేదిత.

1897 జనవరి 15న కొలంబోలో దిగితే జనం పోటెత్తారు. మద్రాసులో గుర్రాలు విప్పేసి బండిని మనుషులే లాగారు. సముద్రం దాటాడని, మ్లేచ్ఛులతో తిన్నాడని వేలెత్తినవాళ్ళూ ఉన్నారు. మే 1న రామకృష్ణ మిషన్ పెట్టారు. ఒంట్లో అప్పటికే షుగరు, ఉబ్బసం. అయినా 1899లో మళ్ళీ అమెరికా వెళ్ళి ఏడాదిన్నర తిరిగొచ్చారు.

1898లో కాశ్మీర్‌లో ఉండగా, వెంట ఉన్న అమెరికన్ శిష్యురాళ్ళ కోసం జూలై 4న వాళ్ళ స్వాతంత్ర్య దినం జరిపి, ఒక కవిత కూడా రాసిచ్చారు. నాలుగేళ్ళ తర్వాత, 1902లో అదే జూలై 4 రాత్రి బేలూరు మఠంలో ధ్యానం చేసుకుని శరీరం వదిలేశారు. అప్పటికి నలభై నిండలేదు.

వచ్చే వారం వీడియో అళసింగ పెరుమాళ్ మీద. చేతిలో చందాల పుస్తకంతో మద్రాసు వీధుల్లో తిరిగిన ఆ స్కూల్ మాస్టారి గురించి మనవాళ్ళకు తెలిసింది చాలా తక్కువ. ఈలోపు సికింద్రాబాద్ వైపు వెళ్ళే పనుంటే ప్యాట్నీ దగ్గర ఒక్క నిమిషం బండి ఆపి మహబూబ్ కాలేజీ వైపు చూడండి.