బద్నామీకి వెరవని దివాన్ – మొదటి సాలార్ జంగ్

హైదరాబాదు పోయి వచ్చిన మన పిల్లలందరూ సాలార్ జంగ్ మ్యూజియం గురించి చెబుతారు. గంట కొట్టే బొమ్మ గడియారం చూసినామంటారు, ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి బొమ్మ చూసినామంటారు. సాలార్ జంగ్ ఎవరని అడిగితే మాత్రం వస్తువులు కూడబెట్టిన ఒక నవాబు అని ఊరుకుంటారు. ఆ వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది మూడవ సాలార్ జంగ్. ఆయన తాతగారైన మొదటి సాలార్ జంగ్ ముప్పై ఏండ్ల పాటు హైదరాబాదు రియాసత్ దివాన్ గా పని చేసి, తన జమానాలో ఎంతమంది చేత మెప్పు పొందినారో అంతమంది చేత తిట్లు తిన్నారు. మన సంఘం సభ్యులు, వారి కుటుంబాల వారు ఆయన జీవితం తెలుసుకుంటే ప్రయోజనం ఉంటుందని తలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

బాల్యం – ఖమ్మంలో కొలువు

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో పుట్టినారు. దివాన్ గిరీ ఆ ఇంటికి కొత్త కాదు. మీర్ ఆలం చెరువు పేరుతో మనకు తెలిసిన మీర్ ఆలం, ఆ తర్వాత తాత మునీరుల్ ముల్క్, పినతండ్రి సిరాజుల్ ముల్క్ అందరూ ఆ పదవి చేసినవారే. తండ్రి చిన్ననాడే పోవడంతో ఇంటి పెద్దల చేతుల్లో పెరిగినారు.

పంతొమ్మిదేండ్ల వయసులో, ఇంకా మీసాలు సరిగా రాని రోజుల్లో, ఆయనను ఖమ్మం తాలూక్ దార్ గా పంపినారు. మన మహబూబాబాదుకు పొరుగునే ఉన్న ఊరది. అంతకు ముందు అక్కడ డైటన్ అనే ఇంగ్లీషు ఆయన శిస్తు వసూళ్ళు చూసేవాడు. తురాబ్ అలీ ఉన్నది కొద్ది నెలలే. కానీ లెక్క ఎట్లా రాయాలి, రయ్యతు దగ్గర ఎంత తీసుకోవాలి, నడుమ ఎవరు ఎంత మింగుతున్నారు అనేది ఆ కొద్ది నెలల్లో కండ్లారా చూసినారు. రాజధానిలో దర్బారు మర్యాదలు నేర్చుకునే వయసులో తెలంగాణ పల్లెల శిస్తు లెక్కలు నేర్చుకోవడం ఆయనకు జీవితాంతం పనికి వచ్చింది.

ఇరవై నాలుగేండ్లకే దివాన్ గిరీ

1853 మే నెల 21న కంపెనీ వాళ్ళు బాకీ కింద, ఫౌజు ఖర్చు కింద బీరారు, రాయచూరు దోఆబ్, నల్ దుర్గ్ ప్రాంతాలను నిజాం దగ్గర రాయించుకున్నారు. అది జరిగి వారం తిరగక ముందే సిరాజుల్ ముల్క్ కన్నుమూసినారు. ఆ స్థానంలో 24 ఏండ్ల తురాబ్ అలీని కూర్చోబెట్టినారు. ఖజానా ఖాళీ. సిపాయిలకు జీతాలు లేవు. సర్కారుకు అప్పులిచ్చిన అరబ్బు జమేదార్లు, రోహిల్లాలు, సాహుకార్లు జిల్లాలకు జిల్లాలనే తాకట్టు పట్టుకొని కూర్చున్నారు. శిస్తు వసూలు గుత్తకు ఇచ్చేవారు. గుత్తేదారు తాను కట్టింది పోను మిగిలిందంతా తనదే కాబట్టి రైతు వీపు మీద ఎంత దెబ్బ పడితే వానికి అంత లాభం.

కొత్త దివాన్ మొదట చేసిన పని ఈ గుత్తల మీద చెయ్యి వేయడమే. అప్పులకు లెక్క కట్టి, కొద్దికొద్దిగా తీర్చి, తాకట్టులో ఉన్న ఊర్లను ఒక్కొక్కటిగా సర్కారు కిందికి తెచ్చినారు. అరబ్బులను అదుపులో పెట్టి, వాళ్ళతోనే దోపిడీ ముఠాలను అణచినారు. ఊరికో రకంగా ఉన్న నాణాలను తగ్గించి హాలీ సిక్కా నడిపించినారు. 1865లో జిలాబందీ తెచ్చి రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విభజించి, జీతం తీసుకునే తాలూక్ దార్లను, తహసీల్దార్లను పెట్టినారు. కచేరీలు, పోలీసు, అదాలతులు ఒక పద్ధతిలోకి వచ్చినాయి. ఈనాడు జనగామలో గానీ భూపాలపల్లిలో గానీ మనం తహసీల్ ఆఫీసు అంటున్నామంటే ఆ మాట వెనక ఆ ఇంతజాం ఉంది.

చదివితే ఇదంతా మంచిగనే ఉంది. కానీ దీనివల్ల ఎవరి నోటి దగ్గరి కూడు పోయిందో వాళ్ళందరూ దర్బారుకు దగ్గరి మనుషులు. లాభం పొందిన రైతుకు దివాన్ పేరు కూడా తెలియదు. నష్టపోయిన వానికి నోరు ఉంది, లాభపడిన వానికి నోరు లేదు. జనం మెచ్చని నిర్ణయాల్లో చాలా వాటి కథ ఇంతే.

1857 – అన్నిటికన్నా కఠినమైన నిర్ణయం

1857 మే నెలలో మీరట్, ఢిల్లీల్లో సిపాయిలు తిరగబడినారు. అదే నెల 16న నిజాం నాసిరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా గద్దె ఎక్కినారు. హైదరాబాదు నగరం కుతకుత ఉడుకుతున్నది. ఢిల్లీలో బాదుషా పేరు మీద జెండా లేచినప్పుడు దక్కనులో అంత పెద్ద రియాసత్ ఊరికే ఉండడమేమిటని గల్లీ గల్లీలో మాట. దివాన్ కు 28 ఏండ్లు. ఆయన కంపెనీ పక్షమే నిలిచినారు.

ఔరంగాబాదు వైపు ఫౌజులో తిరగబడి హైదరాబాదుకు వచ్చిన చీదా ఖాన్ అనే జమేదారును పట్టించి రెసిడెన్సీకి అప్పగించినారు. దానితో జనం మండిపోయినారు. జులై 17 శుక్రవారం నాడు మౌల్వీ అలావుద్దీన్, తుర్రెబాజ్ ఖాన్ ముందు నడవగా రోహిల్లాలు, నగరవాసులు రెసిడెన్సీ మీద దాడి చేసినారు. ఆ భవనమే తర్వాత కోఠీ మహిళా కళాశాల అయింది. ఇప్పుడు మన జనగామ జిల్లా పాలకుర్తి వీరనారి చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం అయింది. దాడి సంగతి ముందే తెలిసి దివాన్ రెసిడెంటుకు కబురు పంపినారు. రాత్రంతా కాల్పులు జరిగి తెల్లవారే సరికి దాడి విఫలమైంది. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకొని, చివరకు 1859లో తూప్రాన్ దగ్గర కాల్పుల్లో చనిపోయినారు. మౌల్వీ సాబును అండమానుకు పంపినారు. ఆయన అక్కడే తనువు చాలించినారు.

ఈ ఘట్టం రాసేటప్పుడు మా కలం కూడా కొంచెం ఆగుతుంది. ఆ ఇద్దరు ప్రాణాలు లెక్కచేయని వీరులు. వారిని తక్కువ చేసి దివాన్ ను పొగడడం మాకు ఇష్టం లేదు. అయితే దివాన్ ముందున్న లెక్క వేరు. పై సంవత్సరాల్లో ఢిల్లీకి ఏం జరిగిందో చూస్తే ఆ లెక్క అర్థమవుతుంది. 1857 సెప్టెంబరులో ఢిల్లీ పడిపోయిన తర్వాత ఊరంతా ఖాళీ చేయించినారు. ముసల్మానులను చాలా కాలం మళ్ళీ లోపలికి రానివ్వలేదు. బాదుషాను రంగూనుకు పంపినారు. హైదరాబాదులో ఆ గతి పట్టలేదు. మదర్సాలు, కచేరీలు, బజార్లు నిలిచినాయి. తెలుగు, మరాఠీ, కన్నడ రైతుల ఊర్లు ఫౌజుల కాళ్ళ కింద పడలేదు. ఈ నిర్ణయం వల్ల దేశంలో పరాయి పాలన గట్టిపడిందనే వారున్నారు. అదీ నిజమే. ఒక రాజ్యం బతికింది, ఒక పోరాటం ఓడింది. రెండూ ఒకే తీర్మానంలో ఉన్నాయి. చరిత్రలో కష్టమైన నిర్ణయాలంటే ఇటువంటివే.

ఆయన చెల్లించిన మూల్యం

నగరంలో ఆయన బద్నాం అయినారు. 1859లో రెసిడెంటుతో కలిసి దర్బారు నుంచి బయటికి వస్తుండగా ఒకడు తుపాకీ పేల్చినాడు, గురి తప్పింది. 1868లో మళ్ళీ ఒకసారి ప్రాణం మీదికి వచ్చింది. నిజాంకే ఆయన మీద అనుమానం. పదవి నుంచి తీసేయాలని కూడా చూసినారు. అయినా పని ఆపలేదు.

1860 ఒప్పందంతో రాయచూరు, నల్ దుర్గ్ తిరిగి వచ్చినాయి. 50 లక్షల బాకీ రద్దయింది. బీరారు మాత్రం రాలేదు. కంపెనీకి అంత సాయం చేసిన మనిషి సంతోషంగా ఊరుకోవచ్చు గదా! ఊరుకోలేదు. బీరారు మాది, మాకివ్వండి అని అర్జీ మీద అర్జీ పెట్టినారు. 1876లో ఇంగ్లండుకు స్వయంగా పోయినారు. దారిలో పారిస్ లో మెట్ల మీద జారి తొడ ఎముక విరిగింది. ఆ దెబ్బతోనే లండన్ చేరినారు. ఆక్స్ ఫర్డ్ వాళ్ళు పట్టా ఇచ్చినారు, సన్మానాలు జరిగినాయి, బీరారు మాత్రం ఇయ్యలేదు. పైగా ఈ పట్టుదలకు కోపం తెచ్చుకొని, 1877లో ఆయనకు గిట్టని అమీరె కబీర్ రషీదుద్దీన్ ఖాన్ ను జోడీ రీజెంటుగా నెత్తిన కూర్చోబెట్టినారు. మొదట సొంత జనం చేత తిట్లు, తర్వాత దొరల చేత అవమానం. రెండు దిక్కులా నష్టపోయిన మనిషిని స్వార్థపరుడని అనడం కష్టం.

ఇంకో సంగతి. చదువుకున్న వాళ్ళు ఇక్కడ చాలరని ఉత్తర హిందుస్తాను నుంచి ఆయన పెద్ద పెద్ద వాళ్ళను పిలిపించినారు. సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ, మొహ్సినుల్ ముల్క్, మా ఉర్దూ పంతుళ్ళందరికీ ప్రియమైన డిప్యూటీ నజీర్ అహ్మద్ అట్లా వచ్చినవారే. పని బాగుపడింది. కానీ ముల్కీ, గైర్ ముల్కీ అనే తగాదాకు విత్తనం కూడా పడింది. ఆ తగాదా ఎంత దూరం పోయిందో 1952లో, 1969లో మన పెద్దలు చూసినారు.

పూర్తి చేయని పని

ఆయన హయాంలోనే 1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ఖజానాకు అది బరువే. కానీ ఆయన పోయిన తర్వాత అదే రైలు 1886లో వరంగల్ దాకా, 1888లో డోర్నకల్ దాకా, 1889లో బెజవాడ దాకా సాగింది. జనగామ, మహబూబాబాదు స్టేషన్లు ఆ దారిలోనివే. ఇల్లెందు బొగ్గు ఆ రైలు ఎక్కి బయటికి పోయింది. ఈనాడు భూపాలపల్లి గనుల్లో పని చేసే మన సోదరుల సింగరేణి కథ అక్కడి నుంచే మొదలు.

అయితే ఒక చోట ఆయన చెయ్యి ఆగిపోయింది. శిస్తు వసూలు దేశ్ ముఖుల దగ్గరి నుంచి తీసుకున్నారు గానీ, వాళ్ళ మనసు నొప్పించకుండా రుసుం అని పైకం ఏర్పాటు చేసి, ఊర్ల మీద వాళ్ళ పెత్తనం అట్లనే వదిలినారు. జాగీర్ల లోపలికి ఆయన కానూన్లు సరిగా పోలేదు. ఆ దొరలే తర్వాత వేల ఎకరాలకు మాలికులైనారు. 1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలి అయిన నాటికి ఆ పెత్తనం ఎంత ముదిరిందో మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కర లేదు. అరబ్బుల కోపం భరించిన దివాన్, దేశ్ ముఖుల కోపం కూడా భరించి ఉంటే మన పల్లెల చరిత్ర కొంత వేరుగా ఉండేదేమో!

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి ఒక్క రోజులోనే ఆయన కన్నుమూసినారు. వయసు 54. మీర్ మోమిన్ దాయిరాలో సమాధి చేసినారు.

ఆయన జీవితం నుంచి మేము గ్రహించింది ఇది. జనం మెచ్చని పని చేసినంత మాత్రాన ఎవడూ గొప్ప నాయకుడు కాడు. జాలిమ్ కూడా జనం మెచ్చని పనే చేస్తాడు. ఆ నిర్ణయం ఖర్చు ఎవరి మీద పడింది, లాభం ఎవరి ఇంటికి పోయింది అని చూడాలి. తన పేరు, తన ప్రాణం పణంగా పెట్టి నోరులేని వానికి మేలు చేసిన చోట సాలార్ జంగ్ గెలిచినారు. బలవంతుని మొగమాటానికి తగ్గిన చోట బీదవాడు మూడు తరాలు బాకీ కట్టినాడు.

మన సంఘం చిన్నది. అయినా పెండ్లి ఖర్చులు తగ్గించండి, ఆడపిల్లను పదో తరగతి దగ్గర ఆపకండి, విందుకు పెట్టే పైసలు స్కాలర్షిప్పులకు పెడదాం అని కమిటీ వాళ్ళు చెప్పినప్పుడు కొందరికి కోపం రావడం సహజం. ఆ కోపానికి భయపడి ఊరుకునే కమిటీ మనకు వద్దు. కోపం తెచ్చుకునే ముందు ఈ మాట ఎవరి మేలు కోసం అంటున్నారని ఒక్కసారి అడిగి చూసే సభ్యులు కావాలి.