చదువులకు హామీ కోరిన బూర్గుల

హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన బూర్గుల రామకృష్ణారావు 1899 మార్చి 13న నాటి మహబూబ్‌నగర్ జిల్లా పడకల్‌లో జన్మించారు. షాద్‌నగర్ సమీపంలోని స్వగ్రామం బూర్గుల పేరే ఆయన ఇంటిపేరుగా స్థిరపడింది. పుణె ఫెర్గూసన్ కళాశాలలో చదివి, బొంబాయిలో న్యాయశాస్త్ర పట్టా పొంది, హైదరాబాద్‌లో వకీలుగా పేరు గడించారు.

నిజాం పాలనలో బోధన ఉర్దూలో సాగేది. ఖాంగీ బడి తెరవాలన్నా సర్కారు అనుమతి తప్పనిసరి. ఆ ఆంక్షలు తొలగాలని, తెలుగులో చదువు చెప్పాలని ఆంధ్ర మహాసభ కోరింది. 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగిన మహాసభకు బూర్గులే అధ్యక్షులు. 1950లో విద్య, రెవెన్యూ శాఖల మంత్రిగా, 1952 నుంచి 1956 వరకు ముఖ్యమంత్రిగా బాధ్యతలు నిర్వహించారు.

ఆంధ్రతో విలీనానికి ముందు 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ పక్షాన సంతకం చేసిన వారిలో ఆయన ఒకరు. తెలంగాణ మిగులు ఆదాయాన్ని ఈ ప్రాంత అభివృద్ధికే వెచ్చించాలని, ఇక్కడి విద్యాసౌకర్యాలు ఇక్కడి విద్యార్థులకే దక్కాలని అందులో రాసుకున్నారు. అయితే అది నాయకుల నడుమ అంగీకారమే తప్ప, కోర్టుకెళ్లి అమలు చేయించుకోగల చట్టం కాదు.

1967 సెప్టెంబరు 15న బూర్గుల కన్నుమూశారు. రెండేళ్లకే ఒప్పందం ఉల్లంఘనపై తెలంగాణ భగ్గుమంది. మిగులు నిధుల లెక్క తేల్చేందుకు 1969లో లలిత్ కుమార్, జస్టిస్ భార్గవ కమిటీలు ఏర్పడ్డాయి. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వగా, మరుసటి ఏడాది పార్లమెంటు వాటిని రద్దు చేసింది. చట్టం అండలేని హామీ ఎంత బలహీనమో ఆ వకీలు అనంతరం ఈ జిల్లాల ప్రజలకు అనుభవంలోకి వచ్చింది.