బడి కన్నా ముందు తల్లిదండ్రులను చేరిన భాగ్యరెడ్డివర్మ

ఏటా జూన్‌లో బడులు తెరిచే ముందు పంతుళ్లు వాడవాడకూ వచ్చి, పిల్లల్ని బడిలో వేయండని తల్లిదండ్రులను అడుగుతారు. దీనికి సర్కారు పెట్టిన పేరు బడిబాట. చేలో పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో బడిలో పిల్లలు పలుచబడటం బోధన్, వర్ని, ఎడపల్లి ఊళ్లలో పెద్దలు ఎరిగిన సంగతే. బడి తలుపులు తెరిస్తే చాలదు, ముందు ఇంటిని ఒప్పించాలని నిజాం రాజ్యంలో నూరేళ్లకు ముందే గుర్తించి, ఆ వరుసలోనే పని చేసిన మనిషి మాదరి భాగ్యరెడ్డివర్మ.

1888 మే 22న హైదరాబాదులో ఓ మాల కుటుంబంలో ఆయన పుట్టారు. తండ్రి వెంకయ్య, తల్లి రంగమాంబ. పెట్టిన పేరు భాగయ్య. మాల ఇంట్లో రెడ్డి ఏమిటని ఆ రోజుల్లో చాలామందికి అనుమానం వచ్చే ఉంటుంది. ఈ నేలను మొదట ఏలినవారు మీరే, ఏలేవాడు రేడు, ఆ రేడు నుంచి వచ్చిందే రెడ్డి అని ఆ ఇంటి గురువు చెప్పి పేరు మార్చాడు. ఊరి బయట ఉంచిన కులంలో పుట్టిన పిల్లవాడికి ఏలికల పేరు దక్కింది. 'వర్మ' అన్నది తరువాత 1913లో ఆర్యసమాజం వారు ఇచ్చిన బిరుదు.

తండ్రి చిన్నతనంలోనే పోయాడు. ఇల్లు గడవక భాగయ్య డోస్ శాంటోస్ అనే న్యాయవాది ఇంట్లో పనికి కుదిరారు. చదువు రుచి ఆయనకు తెలిసింది ఆ ఇంట్లోనే. పెద్ద పరీక్షలేవీ పాసు కాలేదు. లోకాన్ని చూసి, దొరికిన పుస్తకం చదివి, తానే నేర్చుకున్నారు.

భజనతో మొదలు

1906లో ఆయన జగన్మిత్ర మండలి పెట్టారు. అప్పటికి వయసు పద్దెనిమిదేళ్లు. ఆ మండలి చేసిన పని బడి నడపటం కాదు. బస్తీల్లో హరికథలు, భజనలు పెట్టి జనాన్ని కూడగట్టడం. పగలంతా కూలికి పోయే మనిషిని ఉపన్యాసం వినమంటే రాడు. కథ ఉందంటే పిల్లాపాపలతో వస్తాడు. అట్లా వచ్చినవారికి కల్లు మానమని, పసిపిల్లలకు పెండ్లిళ్లు చేయవద్దని, దేవత పేరు చెప్పి ఆడపిల్లను జోగినిగా విడవవద్దని, జాతరల్లో జంతుబలులు ఇవ్వవద్దని చెప్పేవారు.

ఇవన్నీ బడికి సంబంధం లేని మాటల్లా కనిపిస్తాయి. కాని లెక్క వేసుకుంటే తెలుస్తుంది. కల్లు దుకాణంలో పెరిగిన అప్పుకు కొడుకును జీతం పెడితే వాడు బడికి రాడు. ఎనిమిదేళ్లకే పెండ్లయిన పిల్ల పలక పట్టదు. బలులకు, దావతులకు చేసిన అప్పు తీర్చేది కూడా ఆ ఇంటి పిల్లల చేతులే. వర్మ ముందుగా ఈ ముళ్లు విప్పటానికి పూనుకున్నారు. మొదటి బడి పెట్టింది నాలుగేళ్ల తరువాత, 1910లో. ఇసామియా బజారులో, లింగంపల్లిలో ఆ బడులు తెరిచారు. అప్పటికి తల్లిదండ్రులకు ఆయన ఎవరో తెలుసు, ఏం చెబుతాడో తెలుసు.

ఆ కాలం ఎట్లాంటిదో ఒక్క అంకె చెబుతుంది. 1911 జనాభా లెక్కల ప్రకారం నిజాం రాజ్యమంతటా చదవను, రాయను వచ్చినవారు నూటికి ముగ్గురైనా లేరు. అంటరానివారని ముద్రపడిన కులాల సంగతి చెప్పనక్కరలేదు.

ఇంటి భాషలో చదువు

వర్మ బడుల్లో అసలు విశేషం భాష. రాజ్యంలో సర్కారు చదువు, కచేరీ కాగితం అంతా ఉర్దూలోనే. బోధన్ ప్రాంతం వారికి ఇది వేరే చెప్పాల్సిన పని లేదు. ఒకే బజారులో తెలుగు, ఉర్దూ, మరాఠీ వినిపించే చోటు అది. మాట్లాడుకోవటానికి మూడు భాషలైనా సర్దుకుంటాయి. పిల్లవాడు బడిలో ఏం నేర్చుకుంటున్నాడో తల్లికి తెలియాలంటే మాత్రం అది ఇంటి భాషలో ఉండాలి. వర్మ తన బడుల్లో తెలుగులో చెప్పించారు. రాత్రి దీపం దగ్గర పిల్ల పాఠం వల్లిస్తుంటే, అక్షరం రాని తల్లికి కూడా తప్పో ఒప్పో కొంత తెలుస్తుంది. మాతృభాషలో చదువు కావాలని ఆంధ్ర మహాసభ అడగడం మొదలైంది ఆ తరువాత, 1930 నుంచి. ఆ సభల్లో ఆరోది 1937లో నిజామాబాద్‌లోనే జరిగింది.

1911లో జగన్మిత్ర మండలి మన్యసంఘంగా మారింది. కులంలో తగాదాలు వస్తే కోర్టుల చుట్టూ తిరిగి చితికిపోకుండా పంచాయితీలు చేసి తీర్చేవారు. ఇంటి గొడవ తీర్చిన మనిషి పిల్లను బడికి పంపమంటే కాదనటం కష్టం. 1917లో బెజవాడలో జరిగిన సభకు వర్మ అధ్యక్షత వహించారు. పంచములనే పిలుపు వద్దని, తాము ఈ నేల మొదటివారమని అక్కడ చెప్పారు. ఆది హిందువు అన్న పేరును నిజాం సర్కారు 1931 జనాభా లెక్కల్లో రాసుకుంది. ఆ ఏడే ఆయన 'భాగ్యనగర్' అనే పక్షపత్రిక ప్రారంభించారు. బడుల్లో చదువుకున్న పిల్లలు ఉన్న ఇంటికి పత్రిక పోతే, చదివి వినిపించే గొంతు ఆ ఇంట్లోనే ఉన్నట్టు.

రెండు బడులతో మొదలైన పని 1933 నాటికి 26 బడులకు, 2,500 మంది పిల్లలకు పెరిగింది. డబ్బు ఎప్పుడూ చాలలేదు. న్యాయమూర్తి రాయ్ బాలముకుంద్ వంటి పెద్దలు అండగా నిలిచారు. చివరకు నిజాం ప్రభుత్వమే ఆ బడుల నిర్వహణ చేపట్టింది. సొంతంగా పెట్టుకున్న బడులు సర్కారు చేతికి పోవటం లాభమా నష్టమా అంటే రెండూ ఉన్నాయి. పంతుళ్లకు జీతాలు నికరమయ్యాయి. బస్తీ జనం తమదని చెప్పుకున్న బడి మాత్రం దఫ్తరు బడి అయింది.

ఊరూరూ తిరిగి వర్మ ఇచ్చిన ఉపన్యాసాలు మూడువేలకు పైనే. అంత తిరుగుడుకు ఒళ్లు ఓపలేదు. 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. యాభై ఒకటో పుట్టినరోజు ఇంకా మూడు నెలలుంది. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ అప్పుడే కొత్తగా వచ్చింది.

ఆయన ఎత్తి చూపిన జోగిని ఆచారం నిజామాబాద్ జిల్లాలో మరో యాభై ఏళ్లయినా పోలేదు. బడి రిజిస్టరులో తండ్రి పేరు అడిగితే ఏం చెప్పాలో తెలియక, బిడ్డను వెనక్కు తీసుకుపోయిన తల్లులు ఈ జిల్లాలోనూ ఉన్నారు. 1980 దశకంలో హేమలతా లవణం వర్ని ప్రాంతంలో ఆ తల్లుల మధ్య పనిచేశారు. ఆమె కవి జాషువా కూతురు. వర్నిలో చెల్లి నిలయం ఆ పనిలోనే వెలిసింది. ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం 1988లో వచ్చింది.

బడి వ్యవహారంలో తల్లిదండ్రులకు చట్టం చోటు ఇచ్చింది ఇంకా ఆలస్యంగా. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవారు కావాలి. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మరుగుదొడ్డికి తలుపు లేకపోయినా, మంచినీళ్లు రాకపోయినా అడగటానికి తల్లి ఇప్పుడు గేటు బయట నిలబడనక్కరలేదు. కమిటీ రోజున కూలి పోతుందని రాలేకపోతున్న తల్లుల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. వర్మ బస్తీ జనాన్ని కూడగట్టింది కథ చెప్పి, భజన చేసి.