రెండు మైదానముల రామస్వామి

నగరిలో రైలెక్కి చెన్నపట్టణము పోయి చదువుకొన్న మావంటివారికి చేపాక్ మైదానము క్రొత్త కాదు. అచ్చటి క్లబ్బులో ఒకప్పుడు భారతీయులకు ప్రవేశము లేదు. అది సహింపక 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పినవారు మోతవరపు వెంకట మహీపతి నాయుడుగారు. బుచ్చిబాబు అనిననే ఆయనను లోకము ఎరుగును. ఆయన కుమారులలో ఒకరు కోటా రామస్వామి.

1896 జూన్ 16వ తేదీన మద్రాసులో జన్మించిన రామస్వామి మాతామహుల వంశమునకు దత్తుడై కోటావారైరి. పండ్రెండేండ్ల ప్రాయములోనే కన్నతండ్రిని కోల్పోయిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1919లో కేంబ్రిడ్జి చేరిరి. అచ్చట ఆయనకు పేరు తెచ్చినది బ్యాటు కాదు, టెన్నిసు రాకెట్టు. భారతదేశము డేవిస్ కప్పులో ప్రవేశించిన మరుసటి యేడే, 1922లో, డాక్టర్ ఫైజీతో జతకట్టి రుమేనియాపై డబుల్సు గెలిచిరి. తరువాతి పోటీలో స్పెయిన్ మనవారిని ఓడించినది.

ఆ దినములలో టెన్నిసు ఆటగానికి కప్పు దక్కునే గాని కాసు దక్కదు. చదువు ముగించి స్వదేశము చేరిన రామస్వామి మద్రాసు ప్రభుత్వ వ్యవసాయశాఖలో ఉద్యోగము చేసిరి. ఆట ఆయనకు సెలవు దినములలోని సంగతి.

అట్టివానికి నలుబదవ యేట, ఇతరులు బ్యాటు గోడకు చేర్చు వయస్సున, టెస్టు క్రికెట్టు పిలుపు వచ్చినది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన ఆ జట్టుకు నాయకులు విజయనగరము మహారాజకుమారులు, సి. కె. నాయుడుగారును అందుండిరి. ఓల్డ్ ట్రాఫర్డులో మనవారు మొదట 203 పరుగులకే కూలిరి. అందు రామస్వామివి 40. ఇంగ్లండు 571 చేసి మనలను 368 పరుగులు వెనుకబెట్టినది. అప్పుడు మర్చంటు, ముస్తాక్ అలీ తొలి వికెట్టుకే 203 చేర్చిరి. చరిత్ర వారినే స్మరించును, అది న్యాయమే. కాని వారి వెనుక ఈ ఎడమచేతి ఆటగాడు చేసిన 60 లేనిచో ఆ పోటీ అంత నిబ్బరముగా డ్రా అయి యుండునా? ఓవల్ మైదానములో 29, అజేయముగా 41. రెండే టెస్టులు, సగటు 56కు పైగా. పదునైదేండ్లు ముందు మనకు టెస్టు హోదా ఉండినచో ఆయన లెక్క వేరుగా నుండెడిది.

పిమ్మట జట్టును ఎన్నుకొను సంఘములో నుండిరి. 1952-53లో వెస్టిండీస్ యాత్రకు మేనేజరుగా వెళ్ళిరి. 1966లో ఆత్మకథ వెలువరించిరి.

1985 అక్టోబరు 15వ తేదీన, ఎనుబది తొమ్మిదేండ్ల వయస్సున, మద్రాసు అడయారులోని ఇల్లు విడిచి వెళ్ళిరి. మరల రాలేదు. వెదకినను జాడ దొరకలేదు. క్రికెట్టు గ్రంథములలో ఆయన పేరు ప్రక్కన జన్మదినము స్పష్టముగా నున్నది. రెండవ తేదీని నిశ్చయముగా వ్రాయగలవారు నేటికిని లేరు.